తుమ్మెదకొండ నల్లమోకు

అమ్మలారా, అయ్యలారా, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. కథ ఎత్తుకునే ముందు కొండమీది నారసింహునికి మనసులోనే ఒక్క దండం పెట్టుకోండి. ఈ కథలో బురుజులు కూలుతాయి, వీరులు నేలకొరుగుతారు, సింహాసనము అడవిపాలవుతుంది. కడవరకూ చలించక కూర్చునేది ఆ స్వామి ఒక్కడే.

కోన భూపాలుడు ఏలుతూ ఉండిన ఆ రోజులలో తుమ్మెదకొండ దుర్గపు వైభవము కన్నులారా చూడవలసినదే కాని నోట చెప్పనలవి కానిది. తూరుపు తెల్లవారగానే తొలికిరణము సోకేది ఆ కోట బురుజుల మీది రాగి కలశాలకు; ఆ తరువాతనే కింద పరచుకొని ఉన్న డెబ్బైరెండు ఊళ్ళకు. ఏడు చుట్ల ప్రాకారాలు, వాటి నడుమ సాలెల మగ్గాల చప్పుడు, కంసాలుల కొలుముల వెలుగు, బారులు తీరిన గుర్రపు లాయాలు, నారసింహుని గుడిలో మూడు వేళలా మోగే నగారా. ఆ నగారా వినబడినంత మేర నేల కోన భూపాలునిదని ఆ సీమవారు చెప్పుకొనేవారు.

ఇంత సిరీ ఒక్క తాడు మీద వేలాడుతూ ఉండేదంటే నమ్ముతారా? నమ్మండి. ఆ కొండమీద ఏరు లేదు, ఊట లేదు. ఉన్నదల్లా నిలువురాతిని తొలిచిన ఒక బావి, నూటఇరవై మూరల లోతు. దాని గట్టున మూడు గిలకలు. గిలక గిలకకూ ఒక మోకు. మోకు కొసకు తోలుబాన. ఎద్దులు లాగితే ఆ బాన పైకి వచ్చేది. శాంతికాలంలో జనమంతా కొండకింది వాగునుంచి కావడి నీళ్ళు తెప్పించుకొనేవారు, బావి నీరు గుడికీ రాజమందిరానికీ మాత్రమే. శత్రువు వచ్చి వాగును పట్టుకొన్ననాడు మాత్రము కోట ప్రాణమంతా ఆ మూడు మోకులలోనే.

అందుకనే కోన భూపాలుని ముత్తాత ఒక కట్టడి చేసినాడు. మూడేండ్లకొకసారి కార్తికంలో మోకులు మార్చేవారు. కొలువునుంచి ఊరూరికీ ఒక తాటాకు వెళ్ళేది. దానిని అక్కర కమ్మ అనేవారు: మాకు ఫలానా అక్కర ఉన్నది, తీర్చగలవారు రండి అని దాని భావము. తాడు పేనే ప్రతివాడూ తన మోకును తెచ్చి కోట ముంగిటి మైదానంలో పెట్టవచ్చును. మోకు కొసకు ఒక మట్టిముద్ద, ముద్ద లోపల పేనినవారి గురుతు: ఒకరిది గవ్వ, ఒకరిది చింతగింజ. మోకులన్నిటినీ మూడు రోజులు నీళ్ళతొట్లలో నానవేసి, నాలుగోనాడు ఒక్కొక్కదానికీ రాతిగుండు కట్టి ఎత్తేవారు. తెగినది తెగేది, నిలిచినది నిలిచేది. ఆ తరువాతనే నిలిచిన మోకుల ముద్దలు పగిలేవి. అంతవరకు ఎవరి మోకు ఏదో రాజుకూ తెలియదు, మంత్రికీ తెలియదు, నారసింహునికి తప్ప.

ఆ కమ్మ రాసే ఉద్యోగము రాయసం విస్సనది. భార్య గతించిన మనిషి, బిడ్డలు లేరు, ఉన్నదల్లా తాటాకు మీద రాయడానికి తండ్రినుంచి వచ్చిన గంటమూ ఆ గంటంతో వచ్చిన గౌరవమూ. విస్సన్న చెప్పింది వేదమని లోకంలో సామెత ఉన్నది కదా. తుమ్మెదకొండలో దానిని కొంచెం తిప్పి, విస్సన్న రాసింది వేదమని నవ్వులాటకు అనేవారు. పైకి తానూ నవ్వేవాడు కాని లోలోపల అతనికది తీయగానే ఉండేది. తండ్రి కన్నుమూస్తూ అతని చేతిలో గంటం పెట్టి ఒక్కమాట చెప్పినాడు.

"నాయనా, తాడు ఏం చేయాలో రాయి. ఎవడు పేనాలో రాయకు."

ఆ మాటను విస్సన ఇరవైరెండేండ్లు నిలుపుకొన్నాడు.

మోకులు మార్చవలసిన ఆ యేడు భాద్రపదంలో మహామంత్రి అంకనామాత్యుడు కబురంపినాడు. అంకనామాత్యుడు బుద్ధిలో బృహస్పతి, మాటలో వెన్న. బాటలు వేయించినాడు, సత్రాలు కట్టించినాడు, ఒట్టి దుష్టుడని అనడానికి వీలులేదు. కాని అతనికి గన్నయ అనే మేనల్లుడు ఉన్నాడు. సముద్రపు రేవులో ఆ గన్నయ గిడ్డంగి నిండా ఓడల కోసం తెప్పించిన తెల్లని జనపనార మోకులు కొనేవారు లేక పడి ఉన్నాయి. ఈ సంగతి విస్సనకు తెలుసు, కోటలో సగంమందికి తెలుసు.

మంత్రి అతనిని ఎదుట నిలబెట్టలేదు. చెయ్యిపట్టి తన పక్కన పట్టుపరుపు మీద కూర్చోబెట్టుకొన్నాడు.

"విస్సన్నగారూ, మన బావి మోకులు చూచినారా? నల్లగా, తుమ్మచెక్క కంపు కొడుతూ. మొన్న పొరుగు రాయబారులు ఆ పక్క నడుస్తూ ముక్కులు మూసుకొన్నారు, నాకు తల కొట్టేసినట్టయింది. ఏలినవారి కోటకు తగినట్టు మోకు తెల్లగా ఉండవలెననడం తప్పా? పదహారు పాయలు ఉండాలి, రేవు జనుము కావాలి, ఒకటే వర్ణము. ఇక ఆ నానవేయడాలూ గుండ్లెత్తడాలూ అంటారా, దండు రాబోతున్నదని వేగులు చెబుతూ ఉంటే ఈ మూడురోజుల జాతర మనకు అవసరమా? మీరు రాస్తే ఎవరూ మారుమాట ఆడరు. మీ చేతి మహిమ అటువంటిది."

విస్సన తలవంచుకొని విన్నాడు. డెబ్బైరెండు ఊళ్ళలోనూ మోకు పేనేది నాలుగు పాయలకే, అదీ గోగునారతో. రేవు జనుము ఈ నేలలో మొలవదు. తుమ్మచెక్క కషాయంలో ఊరిన నార నల్లబడక తప్పదు. మంత్రి చెప్పిన ఒక్కొక్క మాటా ఒక్కొక్క ఊరివారి మొగాన తలుపు వేసినట్టే ఉన్నది. అన్ని తలుపులూ మూయగా మిగిలిన ఒక్క తలుపు గన్నయ గిడ్డంగిది. ఇది విస్సనకు అక్కడ కూర్చుని ఉండగానే తెలిసింది.

తెలిసీ రాసినాడు. ఎందుకు రాసినాడని అడుగుతారేమో. కాసు పుచ్చుకోలేదు, శాలువా కప్పుకోలేదు. బెదిరింపా, ఒక్కటీ లేదు. అంతటి మంత్రి తన పక్కన కూర్చోబెట్టుకొని తన పళ్ళెంలోని తాంబూలము తన చేత్తో అందిస్తే, కాదని లేచి రాలేకపోయినాడు, అంతే. మహాపాపాలు చాలావరకు ఇట్లానే జరుగుతాయి తల్లులారా, మొగమాటంతో. ఏ తాడైతేనేమి, తాడు తాడే కదా అని దారి పొడుగునా తనకు తాను చెప్పుకొంటూ ఇంటికి వచ్చినాడు.

కార్తికంలో మైదానానికి ఊళ్ళవారు వచ్చినారు. తొట్లు లేవు, గుండ్లు లేవు. వాకిట్లో ఒక బంటు కమ్మను చేతబట్టుకొని మోకుల రంగు చూచి, పాయలు లెక్కపెట్టి, వెళ్ళండి వెళ్ళండి అంటున్నాడు. వచ్చినవారు కాసేపు గొణిగి, రాసింది విస్సన్నగారు కదా, ఏదో కారణం ఉంటుందిలే అని గాడిదలను వెనక్కి తిప్పినారు. అతని మాట మీది ఆ నమ్మకమే ఆనాడు అందరి నోళ్ళూ మూసింది.

ఒక్కతి మూయలేదు. గోగులపాడు నుంచి వచ్చిన సంకమ్మ అనే ముసలిది, మొగుడు పోయినప్పటినుంచి మోకులు పేని బతుకుతున్న మనిషి. మూడుసార్లు వరసగా ఆమె మోకే బావికి ఎక్కింది. ఆమె గాడిదను తోలుకొని తిన్నగా రాయసంవారి ముంగిట్లోకి వచ్చినది.

"రాయసం బాబూ, ఈసారి కోటవారికి కావలసింది మోకా, పెళ్ళికూతురా?"

"సంకమ్మా, కమ్మలో ఉన్నది ఉన్నట్టు..."

"తెల్లగా ఉండాలట. మోకు తెల్లగా ఉంటే నీళ్ళు పాలై వస్తాయా బాబూ? తుమ్మచెక్కలో ఊరకపోతే నార నీళ్ళకు కుళ్ళుతుంది. నా తాతకు తెలుసు ఆ మాట, మీ నాయనకు తెలుసు. మీకు తెలీదంటే నేను నమ్మను."

వచ్చే మూడేండ్లకు చూద్దామన్నాడు విస్సన. ఆమె గాడిద మీది మోకును చుట్టతో సహా అరుగు మీద దబ్బున పడవేసినది.

"దీన్ని మళ్ళీ ఇంటికి మోసుకుపోయే ఓపిక నాకు లేదు. మీ బర్రెను కట్టుకోండి. ముద్ద మాత్రం పగలగొట్టొద్దు, పరీక్ష కాని మోకుకు పేరు లేదు."

మోకు కొసన మట్టిముద్ద అట్లానే ఉన్నది. విస్సన దానిని అటక మీదికి ఎక్కించినాడు. ఆ మోకును చూడకుండా ఉండడానికి ఆ తరువాత అటక వంక తలెత్తనేలేదు.

వైశాఖంలో దండు వచ్చింది. పొరుగు సామంతుడు ఉద్దండరాయడు పదివేల కాలిబలముతో కొండను చుట్టుముట్టి, మొదటి రోజునే వాగును పట్టుకొన్నాడు. కోటలో ఉన్నది పన్నెండు వందల మంది. వారిలో సంకమ్మ కూడా ఉన్నది. గోగులపాడు తగలబడితే ప్రాణాలు అరచేత పట్టుకొని పైకి వచ్చిన ముప్పైమందిలో ఒకతె.

సేనాని పోలమ నాయకుని గురించి ఒక మాట చెప్పాలి. నల్లని మనిషి, ఎడమ కనుబొమ్మ మీద పాతగాయపు మచ్చ. తాను తినకముందు తన గుర్రానికి దాణా వేసేవాడు, తాను పడుకోకముందు ప్రతి బురుజు మీది బంటునూ పేరుపెట్టి పిలిచి పలకరించేవాడు. ఇరవై రోజులలో ఏడుసార్లు నిచ్చెనలు వేసిన శత్రువును ఏడుసార్లూ కిందికి దొర్లించినాడు. గోడలు నిలిచినాయి, మనుషులు నిలిచినారు. మూడు గిలకలూ తెరిపిలేక తిరుగుతున్నాయి. తెల్లని మోకులకు ఇప్పుడు ఆరడానికి ఒక్క జాము సందు దొరకడం లేదు.

సంకమ్మ రోజూ పొద్దున్నే బావి గట్టుకు వచ్చి మోకును వేళ్ళతో తడిమి చూచేది. లోపల కుళ్ళుతోంది, ఇది నిలవదు అని కాపలావారికి చెప్పేది. వారు నవ్వేవారు; తెల్లటి దాన్ని చూస్తే అవ్వకు కళ్ళు కుట్టినట్టున్నాయని ఎకసక్కెమాడేవారు. విస్సన ఆమెను దూరంనుంచి చూచేవాడు. ఆమె ఏ దారిన వస్తే అతను ఆ దారి విడిచి గుడి వెనకనుంచి చుట్టుతిరిగి వెళ్ళేవాడు.

ఇరవైమూడవ నాడు మొదటి మోకు తెగింది. రెండు రోజులకు రెండవది. కోట గిడ్డంగి తెరచి మారుమోకులు తీస్తే, చెమ్మ ఆరని రాతి నేలమాళిగలో అవి బూజుపట్టి, చేతితో పట్టి లాగితే పాయ పాయకూ విడిపోయినాయి. ముప్పయ్యవ నాడు మూడవది కూడా తెగి, నిండుబానతో బావిలో పడిపోయింది. ఆడవారు చీరలు పేని వేసినారు. రాతి అంచు వాటిని నాలుగు తోడులకే కోసివేసింది. ఎద్దులు పడిపోయినాయి. పిల్లలు ఏడవడం మానివేసినారు. ఏడుపుకు కూడా తడి కావాలి కదా.

మరునాడు పొద్దెక్కుతూ ఉండగా సభ కూడినది. కోన భూపాలుడు ఇద్దరు కొడుకులను గోడమీద పోగొట్టుకొని, పెదవులు పగిలి, సింహాసనం మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. నడుమ చేతులు కట్టివేసిన సంకమ్మ. అంకనామాత్యుడు లేచి నిలిచినాడు. దాహంలో కూడా అతని గొంతు తొణకలేదు.

"మహాప్రభూ, మోకులు రేవునుంచి వచ్చినప్పుడు ఎంత మేలైనవో సభవారందరూ చూచినారు. అవి వాటంతట తెగవు. ఈ ముసలిది తన మోకు తిప్పిపంపినారన్న కక్షతో దినదినమూ బావి దగ్గరికి వచ్చి, మోకులను తడుముతూ, తెగుతాయి తెగుతాయని చెబుతూ వచ్చినది. ఫలానా రోజు ఇల్లు కాలుతుందని ముందే చెప్పినవాని చేతిలో కొరివి వెదకడం లోకనీతి. మోకులకు ఏదో మందు పూసినది. శత్రువు సొమ్ము తిన్నదో లేదో దేవునికెరుక. ఆజ్ఞ కావాలి."

రాజు సంకమ్మ వంక చూచి, నీవేమంటావని అడిగినాడు.

"నేను ముందునించీ అంటూనే ఉన్నాను దొరా, విన్నవాడే లేడు," అన్నది ఆమె.

రాజు చెయ్యి ఎత్తినాడు. గద్దకొన అంటే కోటకు వెనకవైపు నిట్టనిలువు కొండచరియ. ద్రోహులను అక్కడినుంచి తోసివేసేవారు. గద్దకొనకు తీసుకొనిపొండని ఆజ్ఞ అయినది. బంటులు ఆమె రెక్క పట్టుకొన్నారు.

ఒక స్తంభము వెనక నిలబడి ఉన్న విస్సనకు ఆ క్షణంలో ఏమైనదో నేను చెప్పలేను. నారసింహుడు కంబంలోనుంచి వచ్చినాడని మనం చదువుకొన్నాము. ఆ రోజు కంబం వెనకనుంచి వచ్చినవాడు బక్కపలుచని రాయసం.

"ఏలినవారు ఆగాలి. ఆమె మోకులకు పూసిన మందు ఏదీ లేదు. ఆ మందు పూసినది నేను, గంటంతో."

సభ కదిలింది. మంత్రి చల్లగా చూచి, రాయసంవారికి దాహంతో మతి చలించినట్టున్నదన్నాడు.

"మతి ఇప్పుడే కుదిరింది అమాత్యా," అని విస్సన రాజు వైపు తిరిగినాడు. "మహాప్రభూ, అక్కర కమ్మలో మోకు ఎంత బరువు ఎత్తాలో రాయవలసిన చోట, ఏ రంగులో ఉండాలో రాసినాను. ఎన్నాళ్ళు నీళ్ళలో నిలవాలో రాయవలసిన చోట, ఎన్ని పాయలుండాలో, నార ఎక్కడ మొలవాలో రాసినాను. నానవేసి చూడనక్కరలేదని రాసినాను. తెల్లని మోకు నీళ్ళకు నిలవదని ఈమె నా ముంగిట నిలబడి చెప్పింది. నాకు ముందే తెలుసు. మా నాయన చెప్పినాడు. తెలిసి రాసినాను."

పోలమ నాయకుడు ముందుకు వచ్చినాడు.

"రాయసంవారూ, పదహారు పాయల తెల్లని రేవుమోకులు మన రాజ్యంలో ఎందరి దగ్గర దొరుకుతాయి?"

"ఒక్కరి దగ్గర, నాయకా."

ఆ ఒక్కరు ఎవరో ఎవరూ అడగలేదు. సభలోని కండ్లన్నీ అంకనామాత్యుని మీద వాలినాయి. అతను నోరు తెరచినాడు. "రాసింది ఆయన గంటము," అన్నాడు.

"అవును, నాదే," అన్నాడు విస్సన. "చెప్పినవారి మాట గాలిలో పోతుంది ప్రభూ, రాసినవాడి మాట ఆకుమీద నిలుస్తుంది. చెప్పినవారి వెనక నేను దాగను. ఆమెను విడువండి."

పరుగున ఇంటికి పోయి అటక మీది మోకును తెచ్చి సభ నడుమ పడవేసినాడు. నల్లనిది, వాసన కొడుతున్నది. మట్టిముద్ద చెక్కుచెదరలేదు. పోలమ నాయకుడు ముద్దను పగలగొట్టకుండానే దానిని బావి గట్టుకు మోయించినాడు. ఎద్దులు లేవు, పన్నెండుమంది బంటులు లాగినారు. నిండుబాన పైకి వచ్చింది. ఒకటి, రెండు, పది. పదకొండవ బాన వచ్చాక సేనాని తన కత్తిపిడితో ముద్దను కొట్టినాడు. లోపల ఎర్రని గురువింద గింజ.

"ఇది ఎవరి గురుతు?"

"నాదే నాయనా," అన్నది సంకమ్మ, కట్టు విప్పిన మణికట్లు రుద్దుకొంటూ.

మంత్రి వేలి ముద్దుటుంగరాన్ని రాజు తీయించి పదవినుంచి తొలగించినాడు. అంతకుమించి శిక్షించే ఓపిక ఆయనకు లేదు, వేళ కూడా లేదు. ఒక్క మోకుతో ఎంత తోడినా తలకు దోసెడు నీళ్ళు. పోలమ నాయకుడు రాజు పాదాల దగ్గర మోకరించి విన్నవించినాడు.

"దేవరా, దోసెడు నీళ్ళతో ప్రాణం నిలుస్తుంది కాని కత్తి లేవదు. పదిరోజులు ఇట్లా గడిస్తే కోట తలుపు తీయడానికైనా మనిషి మిగలడు. పన్నెండు వందలలో ఈ రోజు నాకు కత్తి పట్టగలవారు మూడువందల మంది మిగిలినారు. రేపు తెల్లవారగానే సింహద్వారం తెరచి దిగుతాను. దండంతా ముందుకు వస్తుంది. ఆ వేళకు గద్దకొన దగ్గర ఈ నల్లమోకుతో పిల్లలనూ ఆడవారినీ ముసలివారినీ అడవిలోకి దించండి. కోటను నేను నిలపలేకపోయినాను. ఈ రెండువందల ప్రాణాలనైనా నిలపనివ్వండి."

రాజు లేచి, అతనిని కౌగిలించుకొని, నేనూ నీ వెంట వస్తానన్నాడు. ఆయన గుర్రమెక్కి యుద్ధానికి పోయి అప్పటికి పన్నెండేండ్లు.

తెల్లవారింది. నారసింహుని తీర్థము తలా ఒక బొట్టు పుచ్చుకొన్నారు. పోలమ నాయకుడు తన వంతు దోసెడు నీళ్ళను గుర్రానికి పట్టి, దాని చెవిలో ఏదో చెప్పి, ఎక్కినాడు. సింహద్వారము తెరుచుకొన్నప్పుడు నగారా మోగింది. ఆ మూడువందల మంది కొండదారిలో కిందికి దూకడం చూచినవారు, ఎండాకాలపు వాగుకు ఒక్కసారి వరద వచ్చినట్టున్నదని తరువాత చెప్పుకొన్నారు. ముందు వరుస చెదిరింది, రెండవది చెదిరింది. శత్రువు పదివేలమందినీ ఆ ఇరుకుదారి నోట నిలిపి, పొద్దు నడినెత్తి దాటేవరకు వారు కదలలేదు. రాజు తొలిజాములో పడిపోయినాడు. పోలమ నాయకుని గుర్రము కూలినాక ఆయన నేలమీద నిలిచి పోరినాడు.

ఇటు గద్దకొన దగ్గర తోలుబాన నీళ్ళకు బదులు మనుషులను మోస్తూ ఉన్నది. ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ. మళ్ళీ ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ. మోకును రాతికంబానికి మూడు చుట్లు చుట్టి, విస్సనా గాయపడిన నలుగురు బంటులూ మెల్లగా వదులుతున్నారు. బాన పైకి వచ్చినప్పుడల్లా సంకమ్మ మోకును మూర మూరా తడిమి, ఊఁ అనేది. ఆ ఊఁ వినబడితే కాని మరొకరిని ఎక్కించేవారు కారు.

అంకనామాత్యుని వంతు వచ్చినది. భారీ మనిషి. బానలో ఒక కాలు పెట్టి మోకు వంక చూచి ఆగినాడు.

"నిలుస్తుందా?"

"నిలుస్తుందయ్యా," అన్నది సంకమ్మ. "రంగే మీకు నచ్చదు."

అతను తలవంచుకొని కూర్చున్నాడు. విస్సన అరచేతులు అప్పటికే తోలు లేచిపోయి ఉన్నాయి. ఆ చేతులతోనే మంత్రిని కూడా జాగ్రత్తగా, ఒక్క కుదుపు లేకుండా దించినాడు.

గాయపడిన బంటులు కూడా దిగిపోయినారు. మిగిలినది సంకమ్మ, విస్సన. ముందు ద్వారం వైపునుంచి వినవచ్చే నగారా ఆగిపోయినది. ఆ తరువాత వినబడిన అరుపులు మనవారివి కావు.

విస్సన నడుముకు కట్టుకొన్న మూటలోనుంచి పిడికెడంత మట్టిముద్ద తీసి ఆమె చేతిలో పెట్టినాడు. అడవి దాటినాకనే పగలగొట్టమన్నాడు.

ఆమె దానిని వేళ్ళతో ఒత్తి చూచినది. ఆమె వేళ్ళకు తెలియనిది లేదు. "ముద్ద పచ్చిగా ఉంది," అన్నది. "నీ వంతు నీళ్ళు ఏం చేశావు బాబూ?"

"తాగినాను."

ఆమె అతని పగిలిన పెదవుల వంక చూచినది. "మరి నువ్వు ఎట్లా దిగుతావు?"

"మోకును కంబానికి ముడివేసి పాకుతూ వస్తాను. నీవు పద."

ఇరవైరెండేండ్లలో ఒక్కసారి అబద్ధము రాసినవాడు, ఆ పూట వరసగా రెండు అబద్ధాలాడినాడు. ఈ రెంటినీ నారసింహుడు లెక్కలో వేసుకోలేదని నా నమ్మకము.

సంకమ్మ తేలికైన మనిషి. ఒక్కడే దించినాడు. కింద ఆమె కాలు నేలకు ఆనిన తరువాత మోకు ఒక్కసారి బిగిసి, సడలింది. ఆమె తలెత్తి చూచినది. మోకు కంబానికి కట్టి ఉంటే దాని వెంట విస్సన దిగవచ్చును. అతని వెనక శత్రువులు కూడా దిగవచ్చును, ఆ రెండువందల మంది వెంటపడి. అది ఆమెకు తోచేలోపలే నల్లమోకు చుట్టలు చుట్టలుగా గాలిలో తేలుతూ వచ్చి ఆమె ముందు పడినది. నూటఇరవై మూరలూ, కొసతో సహా. కొనమీద ఒక బక్కపలుచని మనిషి రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. తరువాత అతను వెనక్కి తిరిగినాడు, అరుపులు వినవచ్చే వైపు.

మూడవనాడు అడవి దాటి ఒక సెలయేటి ఒడ్డున జనము ఆగినారు. కడుపారా నీళ్ళు తాగినారు. తాగి, అప్పుడు ఏడ్చినారు. సంకమ్మ ఎండిన మట్టిముద్దను రాతికి కొట్టి పగలగొట్టినది. లోపల మడతపెట్టిన తాటాకు. ఆమెకు చదువు రాదు. ఆ గుంపులో చదువు వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు. అతని దగ్గరికి పోయి తాటాకు చాచినది.

అంకనామాత్యుడు దానిని అందుకొని, అందరికీ వినబడేటట్టు చదివినాడు.

"అక్కర కమ్మ. బావికి మోకు కావలెను. నూటఇరవై మూరల లోతునుంచి నిండుబానను ఎత్తవలెను. మూడు పగళ్ళు, మూడు రాత్రులు నీట నానినా తెగరాదు. పేనినవారు ఎవరైనను రావచ్చును. ఏ ఊరి నారయైనను సరే." ఇంకొక్క మాట మిగిలి ఉన్నది. దానిని తలవంచుకొని చదివినాడు. "వర్ణము ఏదైనను సరే."

సంకమ్మ తాటాకును వెనక్కి తీసుకొని, మట్టి దులిపి, కండ్లకద్దుకొని, కొండ ఉన్న వైపు తిరిగినది. అక్కడినుంచి కొండ కనబడదు. పొగ మాత్రమే కనబడుతున్నది.

"ఇప్పుడు రాశావా, నాయనా," అన్నది.